ముల్లా గురించి అడిగారు, ఇంజను గదిలోని వారి గురించి చెబుతాను

1971 భారత్-పాక్ యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి దెబ్బకు మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగిపోతుంటే, బయటపడే వీలున్నా కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోనే ఉండిపోవడం సబబేనా అని అడిగారు.

ముమ్మాటికీ సబబే. తన లైఫ్ జాకెట్‌ను ఒక నావికుడికి ఇచ్చేశారని బతికి బయటపడినవాళ్లే చెప్పారు. తన మనుషులు లోపల చిక్కుకుని ఉండగా తాను ముందు దూకేవాడు కెప్టెన్ ఎలా అవుతాడు? ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చి దేశం ఆ మాట ఎప్పుడో చెప్పేసింది. నన్ను బాధించేది వేరే విషయం. ఆ డిసెంబరు 9 రాత్రి పోయినవారు 18 మంది అధికారులు, 176 మంది నావికులు. మనకు మాత్రం ఒక్క పేరే తెలుసు.

మా నాన్నగారు నౌకాదళంలో ఇంజను గదిలో పనిచేశారు. ఆయనతో కలిసి ఒకసారి దియు వెళ్లాను. అక్కడ సముద్రానికి ఎదురుగా గుట్ట మీద గాజు గదిలో ఖుక్రీ నమూనా ఉంటుంది. వచ్చినవాళ్లందరూ కెప్టెన్ నిలబడే చోటు ఏదా అని ఓడ పైభాగాన్నే వెతుకుతున్నారు. నాన్నగారు మాత్రం వంగి, ఓడ అడుగుభాగానికి సూటిగా గాజు మీద వేలు పెట్టారు. "ఇదిగో చూడమ్మా, బాయిలర్లు ఉండేది ఇక్కడ. ఇక్కడ పనిచేసేవాడికి పైన పగలో రాత్రో తెలియదు. యుద్ధమప్పుడు నీళ్లు చొరబడకుండా తలుపులన్నీ బిగించేస్తారు. దెబ్బ తగలగానే దీపాలు పోతాయి. ఓడ ఒరిగితే నిచ్చెన కూడా ఒరిగిపోతుంది. ఆ చీకట్లో, ఆవిరిలో, ఎక్కడ పట్టుకుని ఎక్కుతాడు?" అన్నారు. పక్కనున్న కుర్రవాళ్లు ఫొటోలు ఆపి వినసాగారు. టార్పెడో (నీటి అడుగున దూసుకొచ్చి పేలే ఆయుధం) తగిలాక ఖుక్రీ నిమిషాల్లోనే మునిగిపోయింది. ప్రాణాలతో దొరికింది 67 మంది.

నాన్నగారితో పాటు లోనావాలాలో శిక్షణ పొందిన ఒకాయన ఆ ఓడలోనే ఉన్నారు. తంతి వచ్చిన తర్వాత కూడా వాళ్లమ్మగారు కర్మ చేయనివ్వలేదట. శవం చూడలేదు కదా, ఏ తీరానికో కొట్టుకుపోయి ఉంటాడని ఆవిడ నమ్మకం. చివరికి పెద్దలు ఒప్పించి దర్భలతో బొమ్మ చేయించి దహనం చేశారు. ఈ రోజుల్లో సరిహద్దులో పోయిన జవానుకు కనీసం జెండా కప్పిన పెట్టె ఇంటికి వస్తుంది. సముద్రంలో పోయినవాడికి అదీ లేదు.

నా దృష్టిలో అసలు చర్చ జరగాల్సింది కెప్టెన్ నిర్ణయం మీద కాదు. ఖుక్రీ లాంటి ఆ పాత ఫ్రిగేట్ల (ఒక రకం యుద్ధనౌకలు) సోనార్, అంటే శబ్ద తరంగాలతో జలాంతర్గాములను పసిగట్టే పరికరం, అందుకోగలిగిన దూరం కంటే చాలా ఎక్కువ దూరం నుంచే పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వాటిని పసిగట్టగలదు. అలాంటి దాన్ని వేటాడటానికి ఖుక్రీని, దాని తోటి నౌక కిర్పాన్‌ను పంపారు. పైగా సోనార్ సామర్థ్యాన్ని పెంచే ప్రయోగం కోసం ఖుక్రీ వేగం తగ్గించుకుని వెళుతోంది. అలా ఎందుకు పంపారని అడగాల్సినవాళ్లను అడగకుండా, చనిపోయిన మనిషి బతకాల్సిందా కాదా అని తర్కిస్తే ఏం లాభం?

విశాఖపట్నంలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఇంకో మాట. మా ఊళ్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ చిన్నపిల్లలు కూడా చెబుతారు. విశాఖ తీరంలో ఘాజీ మునిగిన తర్వాత వారం తిరగకుండానే మన ఖుక్రీ పోయిందని మాత్రం పెద్దవాళ్లలోనే చాలామందికి తెలియదు. అదే పేరుతో వచ్చిన రెండో ఖుక్రీకి 2021 డిసెంబరు 23న వీడ్కోలు పలికింది మా విశాఖలోనే. మర్నాడు మా వీధిలో ఆ వార్త చదివినవాళ్లే కనిపించలేదు. గెలిచిన కథ ఒక్కటే చెప్పుకుంటే ఆ 176 ఇళ్లకు మనం ఏం సమాధానం చెబుతాం? ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకానికి వెళితే 1971లో పోయిన నౌకాదళం వారి పేర్లు వెతికి, నావికుల పేర్లు కూడా చదవండి.