ఎమ్మారై చేతికొచ్చాక పాలసీ కొంటానంటే ఎలా?

గాజువాక నుంచి ఒక పాఠకుడు రాశారు: ‘నా భార్యకు 36 ఏళ్లు. అట్లపెనం తగిలి చేతిమీద బొబ్బ లేచినా తనకు తెలియలేదు. ఎమ్మారైలో సిరింగోమైలియా అనే వెన్నుపాము జబ్బని తేలింది. వచ్చే నెల ఆపరేషన్. నాలుగున్నర లక్షలవుతుందన్నారు. ఆఫీసు పాలసీ 3 లక్షలకే. ఇద్దరు పిల్లలు, బ్యాంకులో 40 వేలు. 5 లక్షల చీటీలో 50కి 30 వాయిదాలు కట్టాను. నగలు తాకట్టు పెట్టడం ఇష్టం లేదు. లోన్ యాప్‌లో 3 లక్షలు తీసుకుని, జబ్బు సంగతి చెప్పకుండా 10 లక్షల పాలసీ కొనమంటున్నాడు తెలిసిన ఏజెంటు. అయిదేళ్లు దాటితే ఎవరూ అడగరట.’

ముందు ఆ ఏజెంటుకు దండం పెట్టి పంపేయండి. వరుసగా 60 నెలలు కట్టిన పాలసీలో పాత జబ్బు చెప్పలేదని క్లెయిము ఆపకూడదన్నది నిజమే. మోసమని రుజువైతే మాత్రం ఆ రక్షణ లేదు. రిపోర్టు బీరువాలో పెట్టుకుని ‘జబ్బులేమీ లేవు’ అని సంతకం పెట్టడాన్ని ఇంకేమంటారు? క్లెయిము చూసేవాళ్లు బిల్లుకన్నా ముందు కేసు షీటు చదువుతారు. ‘రెండేళ్లుగా చెయ్యి తిమ్మిరి’ అని డాక్టరు రాసిన ఒక్క లైను చాలు. నిజం చెప్పి కొన్నా, పాత జబ్బుకు 36 నెలల దాకా ఆగమనవచ్చు. మీ ఆపరేషన్ వచ్చే నెల.

ఇది ఒక్క బిల్లుతో తీరే జబ్బు కాదు. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం సాఫీగా పారక వెన్నుపాములో నీటి తిత్తి ఏర్పడుతుంది. మెదడు కింది భాగం వెన్ను కాలువలోకి జారే చియారీ సమస్య వల్లయితే పుర్రె వెనక కొద్దిగా ఎముక తీసి ద్రవానికి దారి ఇస్తారు. తిత్తి తగ్గకపోతే ద్రవాన్ని మళ్లించే షంట్ గొట్టం వేయాల్సి రావచ్చు. అది మూసుకుపోతే మళ్లీ ఆపరేషన్. జబ్బు ముదరకుండా ఆపడమే ముఖ్య ఉద్దేశం, పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అంటే ఫిజియోథెరపీ, మళ్లీ మళ్లీ ఎమ్మారైలు. వీటికి యాప్ అప్పా? మొదటి వాయిదా తప్పితే బంధువులందరికీ ఫోన్లు వెళ్లవచ్చు, టెన్షన్ మీ ఆవిడకు.

తగ్గుతున్నది లక్షన్నర. ఆ ఏజెంటు 3 లక్షల అప్పు ఎందుకు చేయమంటున్నాడో నాకర్థం కాలేదు. చీటీ పాడండి, కొంత తగ్గింపు పోయినా ఫర్వాలేదు. డబ్బు చేతికి రావడం ఆలస్యమైతే బ్యాంకులో గోల్డ్ లోన్. నగలు విడిపించుకోవచ్చు. పీఎఫ్ అడ్వాన్సు కూడా ఉంది. ఎన్టీఆర్ వైద్యసేవ మీకు వర్తిస్తుందేమో హెల్ప్‌డెస్క్‌లో అడగండి. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లోనూ న్యూరోసర్జరీ ఉంది.

ఆఫీసు పాలసీలో గది అద్దె పరిమితి ఎంతో హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి. రోజుకు 3 వేలే ఇచ్చేచోట 6 వేల గది తీసుకుంటే పోయేది ఆ తేడా ఒక్కటే కాదు, సర్జన్, థియేటర్ ఛార్జీలు కూడా సగానికి కోసే పాలసీలున్నాయి. లక్షన్నర లోటు రెండున్నర అయ్యేది అక్కడే.

నన్ను ఎక్కువ భయపెట్టింది మీరు రాయని విషయం. మీకూ పిల్లలకూ సొంత పాలసీ లేదు. ఉద్యోగం పోతే ఆఫీసు పాలసీ కూడా పోతుంది. మీ ముగ్గురికీ ఈ నెలలోనే ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే పాలసీ) తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలకు జీఎస్టీ కూడా లేదు. మీ ఆవిడ పేరు చేర్చమని ఆపరేషన్ తర్వాత డిశ్చార్జి సమ్మరీ జతచేసి అడగండి. ప్రీమియం పెంచుతారు, పాత జబ్బుకు ఆగాల్సిన గడువు పెడతారు, కాదన్నా అనవచ్చు. కాదంటే, ఉద్యోగం మారే ముందు ఆఫీసు పాలసీ ఇచ్చిన కంపెనీనే వ్యక్తిగత పాలసీకి మార్చమని అడగండి.