రాత్రి రెండింటికి ఫోన్ ఎవరు ఎత్తుతారో ముందు అడగండి

మీ మామగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్, ఇక కీమో వద్దన్నారు, బెంగళూరులో ముగ్గురు హాస్పిస్ (నయం కాని జబ్బులో చివరి రోజుల్లో చూసుకునే) వాళ్ళతో మాట్లాడితే ముగ్గురూ బాగానే చెబుతున్నారు, వీళ్ళలో ఎవరు నిజంగా మంచివాళ్ళో ఎలా తేల్చుకోవాలి అని అడిగారు. నేను డాక్టర్ని కాదు, నర్సునూ కాదు. రెండేళ్ళ కిందట మా నాయనకు దవడ క్యాన్సర్ వచ్చి ఇదే అవస్థ పడ్డాను. హిందూపురంలో ఉండే మనిషిని చివరి నాలుగు నెలలు బెంగళూరు కె.ఆర్.పురంలో మా ఇంట్లోనే పెట్టుకున్నాం. ముందు తప్పుడు చోట డబ్బు కట్టాను, తర్వాత మంచివాళ్ళు దొరికారు. రెండూ చూశాను కాబట్టి రాస్తున్నాను.

మొదటిది ఒక ప్రైవేటు హోమ్ కేర్ కంపెనీ. పేరెందుకులెండి. ప్యాకేజీ అన్నారు, నెల డబ్బు ముందే కట్టించుకున్నారు. యూనిఫాం వేసుకున్న బ్రదర్ ఒకతను వచ్చి బీపీ, షుగర్, టెంపరేచర్ చూసి చార్టులో రాసేవాడు. ఆ చార్టు చూస్తే ముచ్చటేసేది, ఒక్క గడి ఖాళీ ఉండేది కాదు. ఒక రోజు రాత్రి పదింటికి నాయనకు ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబులో నీళ్ళు పోద్దామని వెళ్ళి, ఊరికే చార్టు తీసి చూశాను. మర్నాడు పొద్దున ఆరింటి బీపీ అప్పటికే రాసి ఉంది. 120/80. ఆ పిల్లాణ్ణి ఏమీ అనలేదు. ఇక్కడ పన్నెండు గంటల డ్యూటీ చేసి ఇంకో ఇంటికి పరిగెత్తేవాడు పాపం. కానీ నాకు అర్థమైంది, ఈ కాగితాలు చూసే నాథుడు పైన ఎవరూ లేడని.

అదే వారం నొప్పి ముదిరింది. రాత్రి రెండు దాటింది. నోరు తెరుచుకోదు కాబట్టి అరవలేడు, మంచం పట్టీని గట్టిగా పట్టుకుని తల అటూ ఇటూ కొట్టుకుంటున్నాడు. కంపెనీ నంబరుకు ఫోన్ చేశాను. కాల్ సెంటర్ అమ్మాయి ఎత్తి, "టికెట్ రెయిజ్ చేస్తాను మేడమ్, డాక్టర్ పొద్దున తొమ్మిదికి కాల్ చేస్తారు" అంది. నాయన ముప్ఫై రెండేళ్ళు ఆర్టీసీలో కండక్టరు చేసిన మనిషి. "ఏం టికెట్టే?" అని అమ్మ అడిగితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తొమ్మిదికి డాక్టర్ ఫోన్ చేశాడు కూడా. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ఇంకోటి ఇవ్వమన్నాడు.

అందుకే మీరు మాట్లాడిన ముగ్గురినీ మొదట ఇది అడగండి. 24 గంటలూ ఉంటాం అని అందరూ అంటారు, దాన్ని పట్టించుకోకండి. రాత్రి ఫోన్ ఎత్తేది నర్సా, కాల్ సెంటరా? మా మామగారి మందుల చీటీ ఆ మనిషి ముందు ఉంటుందా? ఇంకో డోసు ఇవ్వండి అని ఫోన్లోనే చెప్పగలరా, లేక పొద్దున దాకా ఆగమంటారా? సమాధానం చెప్పడానికి తడుముకున్నారంటే అక్కడికి వదిలేయండి.

రెండో ప్రశ్న మార్ఫిన్ గురించి, అంటే తీవ్రమైన నొప్పికి ఇచ్చే మందు. "మీ దగ్గర స్టాక్ ఉందా, లేక చీటీ రాసి బయట తెచ్చుకోమంటారా?" బయట మామూలు మెడికల్ షాపులో దొరకదు. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల మన దేశంలో మార్ఫిన్ ఏళ్ళ తరబడి గగనమైపోయింది. 2014లో చట్టం సవరించాక, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దాన్ని నిల్వ ఉంచుకుని రోగులకు ఇవ్వడం తేలికైంది. ఆ గుర్తింపు ఉందా అని మొహమాటపడకుండా అడగండి. మేం డబ్బు కట్టిన కంపెనీకి లేదు. ఆ సంగతి మాకు చెప్పనూ లేదు, మేం అడగనూ లేదు.

తర్వాత క్యాన్సర్ ఆసుపత్రి సోషల్ వర్కర్ చెబితే ఒక ట్రస్టు వాళ్ళ హోమ్ కేర్‌కు వెళ్ళాం. డిశ్చార్జి కాగితాలు చూసి మూడో రోజు వచ్చారు, ఒక డాక్టరమ్మ, ఒక మలయాళీ సిస్టర్. బీపీ మిషన్ బ్యాగులోంచి బయటికి రావడానికే గంట పట్టింది. ముందు సిస్టర్ మంచం పక్కన నేల మీద కూర్చుని చెంప మీది కట్టు విప్పింది. ఆ పుండు వాసన గురించి ఇప్పుడు రాస్తున్నా కడుపులో తిప్పుతోంది. మా అబ్బాయి తాతంటే ప్రాణం పెట్టేవాడు, అలాంటిది గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్ళిపోయేవాడు. ఆమె ముక్కు దగ్గరికి చెయ్యి పోనివ్వలేదు. శుభ్రం చేసి, మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా పొడి చేసి పుండు మీద చల్లి, రోజూ ఇలా చేయమని నాకు నేర్పింది. విరేచనాలకు వేసుకుంటామే, ఆ మాత్రే. నాలుగు రోజులకు వాసన సగానికి పైగా తగ్గింది. వారానికల్లా మా వాడు మంచం మీద కూర్చుని క్రికెట్ చూస్తున్నాడు.

నొప్పి గురించి అడిగిన తీరు కూడా చెప్పాలి. సున్నా నుంచి పదిలో ఎంత అని అందరూ అడుగుతారు, నాయన ఎప్పుడూ ఐదు వేళ్ళు చూపించేవాడు, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని. ఈ సిస్టర్ అంకెతో ఊరుకోలేదు. ఎలా ఉంటుంది నొప్పి అని అడిగింది. నాయన పలక తీసుకుని 'సలపరం' అని రాశాడు. కాసేపాగి దాని కింద 'జివ్వు' అని రాశాడు. ఆమెకు తెలుగు అంతంత మాత్రం, నాకు కన్నడ అంతంత మాత్రం. రెండింటికీ తేడా నేను చేతులతో చూపించి చెప్పాను. సలపరం అంటే ఆగకుండా లోపల పీకుతూ ఉండేది, జివ్వు అంటే చెవి దాకా కరెంటు పాకినట్టు. డాక్టరమ్మ వెంటనే పట్టుకుంది. కరెంటులా పాకేది నరం నొప్పి, దానికి మార్ఫిన్ ఒక్కటే చాలదు అని రాత్రికి గాబాపెంటిన్ కలిపింది. అంతకుముందు మూడు నెలల్లో ఇంతమంది డాక్టర్లు చూశారు, ఆ మాట ఎవరూ రాబట్టలేదు. మీ మామగారు తెలుగే మాట్లాడతారు కదా, వచ్చే టీమ్‌లో తెలుగు తెలిసినవాళ్ళు ఉన్నారా అని అడగండి. లేకపోయినా పర్వాలేదు, ఆయన మాట అర్థం చేసుకోవడానికి ఆగుతారా లేదా చూడండి.

మార్ఫిన్ అనగానే మా ఇంట్లో గొడవైంది. హిందూపురం నుంచి చిన్నాయన ఫోన్ చేసి, అది మొదలుపెడితే ఇంక మనిషి లేవడు, మీరే చంపుకున్నట్టు అన్నాడు. డాక్టరమ్మ స్పీకర్ పెట్టమని ఆయనతోనే మాట్లాడింది. చిన్న డోసుతో మొదలుపెట్టి నొప్పిని బట్టి పెంచుతామని, మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉండి తర్వాత తగ్గుతుందని, నొప్పికి సరిపడా ఇస్తే ఊపిరి ఆగిపోదని ఓపిగ్గా చెప్పింది. నాలుగు గంటలకొకసారి, నొప్పి వచ్చినా రాకపోయినా గడియారం ప్రకారం. మధ్యలో పోటెత్తితే ఇవ్వడానికి విడిగా డోసు. పడుకునే ముందు మాత్రం రెండింతలు, నడిరాత్రి లేపాల్సిన పని లేకుండా. వీటితో పాటే మలబద్ధకానికి మందు. అది మేం అడక్కుండానే రాసింది. నేనైతే దీన్నే పరీక్షగా పెట్టుకుంటాను. మార్ఫిన్ రాసి మోషన్‌కు మందు రాయని డాక్టర్‌కు ఈ పనిలో అనుభవం లేనట్టే లెక్క.

మీది ఊపిరితిత్తుల కేసు కాబట్టి ఇంకోటి అడగండి. ఆయాసం వస్తే ఏం చేస్తారు? ఆక్సిజన్ సిలిండర్ పంపిస్తాం అని ఆగిపోతే సరిపోదు. తక్కువ డోసు మార్ఫిన్ ఆయాసానికీ పనిచేస్తుంది. మొహానికి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టడం, వెనక దిండ్లు పెట్టి ఏటవాలుగా కూర్చోబెట్టడం లాంటివి నేర్పించేవాళ్ళు ఈ పని తెలిసినవాళ్ళు.

బెడ్ ఉన్న హాస్పిస్ చూడ్డానికి వెళితే వాళ్ళు ఇచ్చిన టైముకే కాకుండా ఇంకోసారి సాయంత్రం ఏడింటికి, డ్యూటీలు మారేటప్పుడు వెళ్ళండి. తోట, ఫౌంటెన్, దేవుడి గది ఎలాగూ చూపిస్తారు. మీరు మాత్రం పడుకున్నవాళ్ళ నోరు చూడండి. పెదాలు ఎండి పగిలి, నాలుక మీద తెల్లగా పేరుకుని ఉందంటే అక్కడ పొద్దుట్నుంచీ ఎవరూ తడి గుడ్డతో తుడవలేదని. గోళ్ళు చూడండి. బెల్ నొక్కితే ఎంతసేపటికి వస్తారో వాచీ చూసుకోండి. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతాం అంటారు, అరగంట అక్కడే కూర్చోండి, తెలుస్తుంది. మేం కూడా ఒకటి చూసి వచ్చాం. రిసెప్షన్ స్టార్ హోటల్ లాగా ఉంది, లోపల ఒక పెద్దాయన బొంగురు గొంతుతో 'నీరు, నీరు' అంటుంటే ఇద్దరు ఆయాలు టీవీ చూస్తున్నారు.

డబ్బు తీసుకోరు అంటే నాసిరకం అనుకోకండి, మా ఆయన మొదట అలాగే అనుకున్నాడు. మారతహళ్ళి దాటాక ఉండే కరుణాశ్రయ హాస్పిస్‌ను 1994లో ఇండియన్ క్యాన్సర్ సొసైటీ కర్ణాటక శాఖ, ఇందిరానగర్ రోటరీ వాళ్ళు కలిసి పెట్టారు. చికిత్స లేదన్న క్యాన్సర్ రోగులను అప్పట్నుంచీ ఉచితంగానే చూస్తున్నారు. అక్కడికి వెళ్ళి మాట్లాడటం వల్ల పోయేదేమీ లేదు. ఎక్కడైనా సరే, ఏ జబ్బులకు తీసుకుంటారు, చివరిదాకా ఉంచుకుంటారా, నొప్పి అదుపులోకి వచ్చాక ఇంటికి పంపేస్తారా, హోమ్ కేర్ మీ ఏరియాకు వస్తుందా అనేవి ముందే తేల్చుకోండి. మా టీమ్ వారానికి రెండుసార్లే వచ్చేది, సిల్క్ బోర్డు వైపు జామైతే పొద్దున వస్తామన్నవాళ్ళు మధ్యాహ్నం మూడుకు వచ్చిన రోజులున్నాయి. వాళ్ళ కౌన్సెలర్ కన్నడ, ఇంగ్లీషు తప్ప మాట్లాడదు, అమ్మ అన్నిటికీ తలూపి పంపించేసేది. అయినా సరే, రాత్రి చేసిన ప్రతిసారీ ఫోన్ సిస్టరే ఎత్తింది.

ఐసీయూ, వెంటిలేటర్ గురించి మీ మామగారిని వాళ్ళు అడుగుతారా అనేది కూడా చూడండి. అవి వద్దనుకుంటే ముందే పత్రం (లివింగ్ విల్) రాసుకోవచ్చని 2018లో సుప్రీం కోర్టు అంది, 2023లో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చాలని తేలిక చేసింది. మా నాయన పత్రం దాకా పోలేదు. పలక మీద 'ఆసుపత్రి వద్దు' అని రాశాడు, డాక్టరమ్మ దాన్ని ఫోటో తీసుకుని ఫైల్లో పెట్టుకుంది.

అన్నిటికంటే అడగడానికి కష్టమైన ప్రశ్న, ఇంట్లో పోతే సర్టిఫికెట్ ఎవరిస్తారు అనేది. అడగండి. డాక్టర్ సంతకం లేకుండా కరెంటు శ్మశానంలో ఇబ్బంది పడతారు, ఊరికి తీసుకెళ్ళాలన్నా దారిలో చూపించడానికి ఆ కాగితం కావాలి. అంత్యక్రియలు ఊళ్ళో చేసినా, మరణం నమోదు ఎక్కడ పోతే అక్కడే, 21 రోజుల్లోపు. మేం హిందూపురంలో చేయించుకోవచ్చు అనుకున్నాం, ఇవన్నీ సిస్టర్ రెండు వారాల ముందే అమ్మ వినకుండా వంటింట్లో నాకు చెప్పింది. ఆఖరి రోజుల్లో గొంతులో గురగురమంటుందని, అది వినేవాళ్ళకే భయం, ఆయనకు తెలియదని కూడా అప్పుడే చెప్పింది. నిజంగానే అలా వచ్చినప్పుడు నేను అంబులెన్సుకు ఫోన్ చేయకుండా నాయన చెయ్యి పట్టుకుని కూర్చోగలిగానంటే ఆ వంటింటి మాటల వల్లే. తెల్లవారుజామున నాలుగున్నరకు పోయాడు. ఆరు కాకముందే డాక్టరమ్మ కాగితంతో వచ్చింది.

పదోరోజు అయ్యాక సిస్టర్ మళ్ళీ వచ్చింది. మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి, పుస్తకంలో పద్నాలుగు అని రాసి, నాతో సంతకం పెట్టించుకుని తీసుకెళ్ళింది. వాళ్ళు ఇచ్చిన ఎయిర్ బెడ్ ఇంకెవరికో కావాలని వాళ్ళ డ్రైవర్ మడిచి కిందికి మోశాడు. సిస్టర్ అమ్మతో ఒక అరగంట కూర్చుంది, ఇద్దరికీ ఒక భాష లేదు, అమ్మ కాఫీ ఇచ్చింది.

మీ మామగారు ఏ ఏరియాలో ఉన్నారో కింద రాయండి, అటువైపు వచ్చేవాళ్ళెవరో నాకు తెలిస్తే చెబుతాను. ఈలోగా ఆ ముగ్గురి నంబర్లకూ ఇవాళ రాత్రి పదిన్నరకు ఒకసారి ఫోన్ చేసి చూడండి. రెండింటికి మాత్రం చేయకండి, నిజంగా అవసరమైనవాళ్ళెవరో లైన్లో ఉంటారు.