ముందు సార్లతో చేయించు

చి. అల్లుడికి మామ ఆశీస్సులు.

కేంద్రప్రముఖ్‌వి, అంటే చుట్టుపక్కల కొన్ని బడులు కలిసిన కేంద్రానికి బాధ్యుడివి అయ్యావని తెలిసి చాలా సంతోషించాను. మహారాష్ట్రలోని మన సిరోంచ బడుల్లో పిల్లలు సైన్సు బట్టీ పట్టకుండా చేసి చూసి నేర్చుకోవాలన్నావు. అలాగైతే సార్లకు ఉపన్యాసం ఇవ్వకు, ముందు వాళ్లతోనే ప్రయోగం చేయించు.

వచ్చే శిక్షణ పరిషద్‌లో, అదే సార్లంతా కలిసే సమావేశంలో, పళ్లెంలో నీళ్లు పోసి, వెలిగించిన కొవ్వొత్తి నిలబెట్టి, పైన గాజు గ్లాసు బోర్లించమను. కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు లోపలికి ఎక్కుతాయి. ఎందుకని అడిగితే, ఆక్సిజన్ అయిపోయింది, ఆ చోటులోకి నీళ్లొచ్చాయి అంటారు. అవుననకు, కాదనకు. అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టించు. ఈసారి నీళ్లు ఇంకా పైకి వస్తాయి. గ్లాసు అదే, అందులో ఆక్సిజనూ అంతే, మరి నీళ్లెందుకు పెరిగాయి? మంట ఆరాకే నీళ్లు గబగబా ఎక్కుతున్నాయని ఒకరు గమనిస్తారు. బోర్లించేటప్పుడు అంచు దగ్గర బుడగలొచ్చాయని ఇంకొకరంటారు. వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోయింది, మిగిలింది చల్లారి కుంచించుకుంది అనేదాకా వాళ్లే రావాలి. ఆలస్యమైనా సరే, మధ్యలో నువ్వు జవాబు చెప్పేయకు.

తర్వాత బడికి వెళ్లు, తనిఖీకి మాత్రం కాదు. ఒక్కరే రెండు తరగతులు చూసే చోట, ప్రయోగం జరిగే ఆ గంట ఇంకో తరగతిని నువ్వు చూసుకో. దీనికి మించిన సాయం లేదు. పిల్లల్ని తెలుగులోనో గోండీలోనో అడగనివ్వమను. మరాఠీలో రాయడం తర్వాత చూసుకోవచ్చు.

సిలబస్ టెన్షన్ ఉంటుంది, అది నిజమే. నెలకు ఒక్క పాఠం ఇలా చెబితే చాలను. ఆకారిక మూల్యమాపనలో, అంటే ఏడాది పొడవునా బడిలోనే వేసే మార్కుల్లో, ప్రయోగాలకు ఎలాగూ చోటుంది, ప్రయోగం చేయించకుండా ఆ మార్కులు వేయొద్దను.

మధ్యప్రదేశ్‌లో 1972లో 16 బడులతో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం 2002 దాకా నడిచింది. అక్కడ శిక్షణలో టీచర్లే ప్రయోగాలు చేసేవారు, తర్వాత నెలనెలా కలిసి ఇబ్బందులు మాట్లాడుకునేవారు. పరీక్షలో పుస్తకం చూసి రాయనిచ్చేవారు, ప్రయోగ పరీక్ష కూడా పెట్టేవారు. నువ్వు పరీక్షలు మార్చలేవు, కానీ అలా నెలనెలా కలిసి కూర్చోవడం నీ చేతిలోనే ఉంది. పిల్లలు అడిగినవాటిలో జవాబు దొరకనివి సార్లు రాసుకొచ్చేలా చూడు. "నాకూ తెలియదు, చేసి చూద్దాం" అన్న సారును అందరి ముందూ మెచ్చుకో.

కొవ్వొత్తులు, గ్లాసులు సార్ల జేబు డబ్బుతో కొనిపించకు. కేంద్రంలో ఒక పెట్టె పెట్టు, కావలసినవాళ్లు తీసుకెళ్లి మళ్లీ తెచ్చిపెడతారు.

మీ మామ