నల్లపొగ ఇంజనుకు నంబరే సాక్ష్యం

ప్రశ్న: అయ్యా, మాది గుంటూరు పక్కన నల్లపాడు. కరెంటు తీగలు పడ్డాక మా వైపు డీజిల్ ఇంజన్లు బాగా తగ్గిపోయాయి. మొన్న సాయంత్రం ఒకటి గూడ్సు బండిని లాగుతూ, నల్లపొగ చిమ్ముతూ వెళ్ళింది. అది డబ్ల్యూడీజీ-3ఏ అని మా స్నేహితుడు, కాదు డబ్ల్యూడీజీ-4 అని నేను. ఫోనులో తీసిన ఫొటోలో హెడ్‌లైటు తప్ప ఏమీ లేదు. ఎలా గుర్తుపట్టాలి? ఎలా తీయాలి?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: మీరు చెప్పిన రెండూ గూడ్సు బండ్లు లాగే డీజిల్ ఇంజన్ల తరగతులే. పొగ మాట విన్నాక నేను మీ స్నేహితుడి వైపే మొగ్గుతున్నాను. 1995లో పట్టాలెక్కిన 3ఏ అమెరికా కంపెనీ ఆల్కో వంశానిది. పదహారు సిలిండర్లు, 3,100 హార్స్‌పవర్. డ్రైవరు నాచ్ (ఇంజను శక్తిని పెంచే మెట్టు) పెంచగానే డీజిల్ ముందే వచ్చి పడుతుంది, లోపలికి గాలి నెట్టే టర్బో వేగం అందుకునేసరికి ఆలస్యమవుతుంది. ఈలోపు గాలి చాలక సగం మండిన ఇంధనమే ఆ మసి. అయినా పొగను నమ్మి పందెం కాయకండి, చెవి పెట్టండి. ఆల్కో ఆగి ఉన్నప్పుడు దడ్, దడ్ అని దెబ్బలు విడివిడిగా వినిపిస్తాయి. 4,000 హార్స్‌పవర్ డబ్ల్యూడీజీ-4 ఈఎండీ అనే మరో అమెరికా కంపెనీ వారి టూ స్ట్రోక్ యంత్రం. దానిది ఎడతెగని హోరు.

అసలు సాక్ష్యం ఇంజను ఒంటి మీదే ఉంటుంది. ఐదంకెల నంబరు, తరగతి పేరు, ఏ షెడ్డుదో (ఇంజన్ల బాగోగులు చూసే చోటు), చివరిసారి పెద్ద మరమ్మతు ఎప్పుడైందో అన్నీ రంగుతో రాసి పెడతారు. 3ఏ నంబర్లు 13 వేలలోనో, 14,500 దాటాకనో ఉంటాయి. 4వి ఎక్కువగా 12 వేలు, 70 వేలు. ఎప్పుడైనా 50 వేల నంబరు కనిపిస్తే చేతిలో పని వదిలేసి పరుగెత్తండి. అది 2012లో వచ్చిన ‘భీమ్’, డబ్ల్యూడీజీ-5. ఇరవై సిలిండర్లు, 5,500 హార్స్‌పవర్. పట్టుమని పది కూడా తయారు చేయలేదు!

ఈ రాతలు ఫొటోలో పడాలంటే ఎదురుగా నిలబడి ముక్కు తీయడం మానండి. హెడ్‌లైటు పడగానే ఫోను దృశ్యమంతా చీకటి చేసేస్తుంది. ఇంజను కాస్త పక్కకు తిరిగి కనిపించే చోట, ప్లాట్‌ఫారం చివర గీత లోపలే నిలబడి, తెర మీద ఇంజను ఒంటిని తాకి వెలుతురు కుదుర్చుకోండి. షట్టర్ సెకనులో ఐదువందలో వంతుకన్నా ఎక్కువసేపు తెరిచి ఉండకూడదు. సాయంత్రం మీ ఊళ్ళో గుంటూరు వైపు నుంచి వచ్చే బండి ముఖం మీద ఎండ పడుతుంది, ఉదయమైతే గుంటూరు వెళ్ళే బండి మీద. మిగతా వేళల్లో ఇంటిదగ్గర చదువుకోండి.

ప్లాట్‌ఫారం టికెట్టు కొనండి, స్టేషన్ మాస్టరు గారిని అడగండి. పట్టాల మీదికి దిగితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల జైలు దాకా ఉంది. పాదచారుల వంతెన మీద సెల్ఫీ కర్ర ఎత్తకండి, కింద ఉన్నవి 25,000 వోల్టుల తీగలు.

ఈసారి షెడ్డు పేరు కనిపించేలా తీసి పంపండి. ముక్కు ఫొటోలు నా దగ్గర బోలెడున్నాయి.