చెత్త కుండీ మళ్ళీ పెట్టించమని అడగాలా?

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగస్తులం. ఏడున్నరకల్లా ఇంటికి తాళం పడుతుంది. చెత్త బండి ఒకరోజు ఆరింటికి వస్తే ఇంకోరోజు తొమ్మిదింటికి, మధ్యలో రెండ్రోజులు అసలు రాదు. వీధి మూల కుండీ తీసేశాక అందరూ పక్కన ఖాళీ స్థలంలో విసిరేస్తున్నారు. చీకట్లో నేనూ రెండుసార్లు విసిరాను, సిగ్గుగానే ఉంది. పోనీ తడి, పొడి వేరుచేసి ఇస్తే నా కళ్ళముందే బండిలో కలిపేశారు. వీధివాళ్ళమంతా కలిసి కుండీ కోసం అర్జీ పెడదామనుకుంటున్నాం. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: కుండీ మాత్రం అడక్కండమ్మా. దాని చుట్టూ కుక్కలు, ఆవులు, పొంగిపొర్లే సంచులు అప్పుడే మర్చిపోయారా? కుండీ ఉంటే ఏ వేళైనా పడెయ్యొచ్చనేదే మనకి సుఖం, అంటే మీకు కావలసింది కుండీ కాదు, టైము. బండి ఏడింటికి వస్తుందని ఖాయంగా తెలిస్తే మీరు ఆ ఖాళీ స్థలం వైపు వెళ్ళేవారే కాదు.

కలిపేస్తున్నారని మీకొచ్చిన కోపం న్యాయమైనదే. ఇళ్ళలో తడి, పొడి, ప్రమాదకర చెత్త మూడూ వేరుగా ఉంచాలని, తీసుకెళ్ళేవాళ్ళు కూడా వేరుగానే తీసుకెళ్ళాలని 2016 నాటి కేంద్ర నిబంధనల్లోనే చెప్పారు. 2021 అక్టోబర్ 2న మన రాష్ట్రంలో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలైనప్పుడు ఇంటింటికీ మూడు రంగుల బుట్టలు ఇవ్వడం కూడా అందుకే: ఆకుపచ్చది తడికి, నీలం పొడికి, ఎరుపు బ్లేళ్ళు, సూదులు, పాత బ్యాటరీల్లాంటి వాటికి. (ఆ బుట్టల్లో బియ్యం పోసుకున్న ఇళ్ళు నాకు తెలుసు.) బుట్టలైతే మూడు, బండిలో గది ఒక్కటే అయితే ఆ కార్మికుడు మాత్రం ఏం చేస్తాడు?

కలిస్తే పోయేదేంటంటే, సాంబారు తడిసిన పేపరు పాత సామాన్లవాడు కొనడు, గాజు పెంకులు కలిసిన ఎరువు రైతు పొలంలో వెయ్యడు. చివరికి అంతా డంపింగ్ యార్డుకే పోయి, లోపల కుళ్ళి మీథేన్ అనే మండే వాయువు పుట్టి, ఎండాకాలంలో రాజుకుని పొగలు కక్కుతుంది. మన ఊళ్ళ చెత్తలో సగానికి పైగా తడిదే, దాన్ని విడిగా తీసేస్తే యార్డుకి పోయేది సగమైనా తగ్గుతుంది. ఇదేమీ మనకి కొత్త కాదు, బొబ్బిలి మున్సిపాలిటీ తడి, పొడి వేరుచేసి తీసుకుని తడి చెత్తతో ఎరువు తయారుచేసే పద్ధతికి ఎప్పుడో పేరు తెచ్చుకుంది. ఇక ఇండోర్‌లో తడి చెత్త నుంచి గ్యాసు తీసే ప్లాంటు 2022లో రోజుకి 550 టన్నులు పట్టేలా మొదలైంది, అది అంత పెద్ద నగరం కాబట్టి కుదిరింది. మనకి ఎరువు గుంటలు చాలు.

నన్నడిగితే తడి చెత్త రోజూ, పొడి చెత్త వారానికి రెండుసార్లు తీసుకుంటే సరిపోతుంది. అట్టపెట్టె నాలుగు రోజులు ఇంట్లో ఉన్నా కంపు కొట్టదు కదా. పొడి తీసే రోజున తడి బండి వెళ్ళిపోయాక ఇంకో ట్రిప్పు వేస్తే, రెండు గదుల బండి లేకపోయినా కలిసే ప్రశ్నే రాదు. ఉద్యోగస్తులు ఎక్కువున్న వీధులకి ఉదయం ఏడు లోపు, లేదంటే సాయంత్రం ఆరు తర్వాత టైము పెట్టాలి. కష్టమే, ఎందుకంటే బండ్లు తక్కువ, వీధులు ఎక్కువ, డ్రైవరు రాకపోతే ఆ రోజంతా తారుమారు. అయినా రాని రోజు రావట్లేదని వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టడానికి బండ్లు అక్కర్లేదుగా.

అర్జీ వార్డు సచివాలయంలో శానిటేషన్ కార్యదర్శికి ఇవ్వండి. కుండీ మాట తీసేసి, బండి మా వీధికి ఏ టైముకి వస్తుందో బోర్డు పెట్టండి, తడి, పొడి వేర్వేరు ట్రిప్పుల్లో తీసుకోండి అని రెండే రాయండి. ఈలోపు తడి చెత్త మూతున్న బకెట్లో పెట్టి, పగటిపూట ఇంట్లో ఉండే పక్కింటివాళ్ళని అందించమని అడగండి. పగిలిన గాజు ఉంటే మాత్రం పేపర్లో చుట్టి పైన గాజు అని రాసి విడిగా ఇవ్వండి, చెత్తలో చెయ్యి పెట్టేది మీరు కాదు. సంతకాలు పెట్టించేటప్పుడు ఆ ఖాళీ స్థలం ఓనరు దగ్గరికి కూడా వెళ్ళండి, అందరికంటే ముందు సంతకం పెట్టేది ఆయనే.