గుండ్రటి ఫ్రేముకి చెక్క కొనే ముందు

చిరంజీవి అల్లుడికి,

అద్దానికి గుండ్రటి చెక్క ఫ్రేము చేస్తానని రాశావు, సంతోషం. బయటి వ్యాసం 600 మి.మీ., ఫ్రేము వెడల్పు 50 మి.మీ. అన్నావు. అందుకని 50 మి.మీ. పలక తెస్తే సరిపోతుందని లెక్కేసినట్టున్నావు. అక్కడే ఆగు.

తిన్నటి పలకలోంచి కోసిన ఎనిమిది ముక్కల్ని చుట్టూ కొసకు కొస అతికిస్తే ముందు వచ్చేది అష్టభుజి. దాన్ని లోపలా బయటా కోస్తేనే గుండ్రం అవుతుంది. బయటి వృత్తం ఒక్కో ముక్క నడిమధ్యన అంచును తాకుతుంది. లోపలి వైపు చెక్క చాలకుండా పోయేది మాత్రం అతుకుల దగ్గర. 50 మి.మీ. పలకతో చేస్తే అతుకు దగ్గర చివరికి 29 మి.మీ.లే మిగులుతుంది. అసలే బలహీనమైన చోటు అది.

కావలసిన వెడల్పు ఇలా తీయాలి: 180ని ముక్కల సంఖ్యతో భాగిస్తే 22.5 డిగ్రీలు. దాని కొసైన్ 0.924. లోపలి వ్యాసార్థం 250ని దానితో హెచ్చవేసి, బయటి వ్యాసార్థం 300లోంచి తీసెయ్. 69 వస్తుంది. 75 మి.మీ. పలక తీసుకో, నిశ్చింతగా ఉంటుంది. ముక్క పొడవాటి అంచు 2 × 300 × టాన్ 22.5, అంటే దాదాపు 249 మి.మీ. (ఫోన్‌లో కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో ముందు చూసుకో.) పొడవాటి అంచు ఒకసారి పైకి, ఒకసారి కిందికి వచ్చేలా పలకను తిరగేస్తూ కోస్తే, రంపం తినేసేది కలుపుకున్నా 2 మీటర్ల పలకలో ఎనిమిదీ వచ్చేస్తాయి.

పన్నెండు ముక్కలైతే వెడల్పు 59 చాలు, నిజమే. కానీ కోతలు 16 నుంచి 24 అవుతాయి. మొదటిసారి చేసేవాడికి ఎనిమిదే మేలని నా ఉద్దేశం.

ముక్క కొసల్ని కోసే కోణం కూడా ఆ 22.5 డిగ్రీలే; అందులో అర డిగ్రీ తేడా కంటికి ఆనదు. 16 కోతలూ ఒకే వైపు తప్పితే అది 8 డిగ్రీలై, ఆఖరి అతుకు నోరు తెరుచుకుని కూర్చుంటుంది. అందుకే చుట్టూ ఒకేసారి జిగురు పెట్టకు. నాలుగేసి ముక్కలతో రెండు సగాలు అతికించు. ఆరాక ఒక్కో సగం రెండు కొసల్నీ ఒకే సరళరేఖలోకి వచ్చేలా తిన్నగా రుద్ది, అప్పుడు కలుపు. మిగిలిన తేడా ఆ రుద్దుడులో పోతుంది.

కేంద్రం కోసం ఫ్రేమును పాత ప్లైవుడ్ ముక్క మీద బిగించి, ఎదురెదురు అతుకుల మధ్య రెండు దారాలు లాగు. అవి కలిసేచోట మేకు కొట్టి, సన్నటి చెక్కపట్టీకి 250, 300 దగ్గర రంధ్రాలు చేసి పెన్సిల్ తిప్పు.

అద్దం ఇప్పుడే కోయించకు. ఫ్రేము వెనక అద్దం కూర్చునే గాడి తీశాక దాని వ్యాసం రెండు మూడు చోట్ల కొలిచి, అన్నిటికంటే చిన్నదాంట్లోంచి 3 మి.మీ. తగ్గించి చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య