నాన్నగారిని చూడటానికి వార్డుకి వెళ్లొచ్చా?

ఆపరేషన్ అయిన నాన్నగారు వార్డులో ఉన్నారు, చుట్టూ వైరస్ జ్వరాలు, వెళ్లాలా వద్దా అని అడిగారు కదా. ముందు ఒక్కటి చూసుకోండి. దగ్గు, గొంతునొప్పి, ఒళ్లు వెచ్చబడటం, వీటిలో ఏ కాస్త ఉన్నా వెళ్లకండి, వీడియో కాల్ చేయండి. అక్కడ మనకేం అంటుకుంటుందో అనే మన టెన్షనంతా. కోలుకుంటున్న మనిషికి మనం ఏం మోసుకెళ్తున్నామో ఆలోచించం.

ఒంట్లో బాగుంటే ఒక్కరే వెళ్లండి, పిల్లలు వద్దు. బయల్దేరే ముందు వార్డుకి ఫోన్ చేయండి, ఇలాంటప్పుడు విజిటింగ్ రూల్స్ తరచూ మారతాయి.

మాస్క్ దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. ఎన్95 మాస్క్ 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కణాల్లో కనీసం 95 శాతం ఆపుతుంది, కానీ ముఖానికి అతుక్కుని ఉంటేనే. ముక్కు మీది తీగను రెండు చేతుల వేళ్లతో నొక్కి, గట్టిగా ఊపిరి వదలండి. కళ్లద్దాలు మసకబారాయా? పైనుంచి గాలి పోతోందన్నమాట, మళ్లీ సర్దుకోండి. గుబురు గడ్డం ఉంటే ఎంత సర్దినా అతకదు. వాల్వ్ లేనిదే కొనండి, వాల్వ్‌లోంచి మనం వదిలే గాలి వడకట్టకుండానే బయటికొస్తుంది.

లిఫ్ట్ కిక్కిరిసి ఉంటే మెట్లెక్కండి. ఆయన్ని తాకే ముందు, వచ్చేసేటప్పుడు చేతులకి శానిటైజర్ రాసుకోండి, అందులో ఆల్కహాల్ 60 శాతానికి తగ్గకూడదు. సబ్బయితే 20 సెకన్లు రుద్దాలి. లోపల కాఫీ, టిఫిన్ పెట్టుకోకండి, మాస్క్ దించాల్సి వస్తుంది. నేనైతే ఫోన్ కూడా జేబులోంచి తీయను.

బయటికొచ్చాక మాస్క్ ముందుభాగం ముట్టుకోకుండా, రబ్బరు తాళ్లు పట్టుకుని తీసి, మళ్లీ చేతులు కడుక్కోండి.